థైరాయిడ్, జీర్ణక్రియ, పేగు కదలికలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మెడలో ఉండే గ్రంథికీ, కడుపుకీ సంబంధం ఏమిటి?

థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా టీ4, కొద్దిగా టీ3 అనే హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. కాలేయం, కిడ్నీ లాంటి అవయవాలు టీ4ను టీ3గా మార్చుకుంటాయి. కణాల్లోకి వెళ్లి అసలు పని చేసేది ఈ టీ3నే. గుండె, చర్మం, మెదడుతో పాటు పేగు గోడలోని కండరాలూ, వాటిని నడిపే నరాలూ దీని మీద ఆధారపడతాయి.

జీర్ణాశయం కండరాల్లో నిమిషానికి సుమారు 3 సార్లు, చిన్నపేగు మొదటి భాగంలో సుమారు 12 సార్లు ఒక విద్యుత్ లయ నడుస్తుంటుంది. తిన్నది ముందుకు జరగాలంటే ఈ లయ మీద కండరం ముడుచుకోవాలి. థైరాయిడ్ హార్మోను తగ్గితే లయ నెమ్మదిస్తుంది, ముడుచుకునే బలమూ తగ్గుతుంది. హార్మోను పెరిగితే లయ వేగం అందుకుంటుంది. నోట్లో పెట్టుకున్న ముద్ద పెద్దపేగు చేరడానికి పట్టే సమయం అందుకే ఒకరిలో సాగిపోతుంది, ఇంకొకరిలో కుదించుకుపోతుంది.

హార్మోను తగ్గినప్పుడు (హైపోథైరాయిడ్) కడుపులో ఏమేం జరుగుతాయి?

అందరికీ తెలిసినది మలబద్ధకం. కానీ నెమ్మదించేది పెద్దపేగు ఒక్కటే కాదు. అన్నవాహిక కదలికలు బలహీనపడితే ముద్ద గొంతులో ఆగినట్టు ఉంటుంది, పులితేన్పులు వస్తాయి. జీర్ణాశయం ఖాళీ కావడం ఆలస్యమైతే నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది, రాత్రి తిన్నది పొద్దున కూడా బరువుగానే ఉంటుంది. చిన్నపేగులో ఆహారం నిలిచిపోతే అక్కడ ఉండాల్సిన దానికంటే ఎక్కువ బ్యాక్టీరియా పెరుగుతుంది. ఉబ్బరం, గ్యాస్ దానివల్లే. ఒక్కోసారి మలబద్ధకానికి బదులు పల్చటి విరేచనాలు కావడానికీ ఇదే కారణం. హైపో ఉన్నవాళ్లకు మోషన్స్ అవుతుంటే, 'హైపోలో మలబద్ధకమే కదా ఉండాలి' అని కొట్టిపారేయకూడదు.

ఇంకో మార్పు పేగు గోడలోనే జరుగుతుంది. హార్మోను బాగా తగ్గి చాలాకాలం ఉంటే నీటిని పట్టి ఉంచే హయలురోనిక్ ఆమ్లం లాంటి పదార్థాలు కణజాలంలో పేరుకుంటాయి. ముఖం, కనురెప్పలు ఉబ్బేది వీటివల్లే. ఇవే పేగు కండరాల పోగుల మధ్య చేరి వాటిని విడదీస్తాయి. చికిత్స లేకుండా ఏళ్లు గడిచినవారిలో అరుదుగా పేగు కదలడం పూర్తిగా ఆగిపోయి, పెద్దపేగు ఉబ్బిపోయే ప్రమాదకరమైన స్థితి కూడా వస్తుంది.

పిత్తాశయాన్నీ మరచిపోకూడదు. హైపోలో కొలెస్ట్రాల్ పెరుగుతుంది. పిత్తరసం పేగులోకి వచ్చే దారిలో ఉండే కవాటం సరిగా వదులవదు. ఈ రెండూ కలిస్తే రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. భోజనం తర్వాత కుడివైపు డొక్క కింద నొప్పి వస్తుంటే అల్ట్రాసౌండ్ చేయించాలి.

ఆకలి లేదు, తినేదీ తక్కువే. అయినా బరువు ఎందుకు పెరుగుతోంది?

హైపో వల్ల పెరిగే బరువులో చాలా భాగం ఉప్పు, నీరే. మామూలుగా అది 2 నుంచి 5 కిలోల లోపే ఉంటుంది. 15 కిలోలు పెరిగి, మొత్తం థైరాయిడ్ మీదకు నెట్టేస్తే మాత్రం లెక్క కుదరదు.

మలబద్ధకం అని ఎప్పుడు అనాలి?

వారానికి 3 సార్ల కంటే తక్కువ మోషన్ అవడం, మేక పెంటికల్లా గట్టిగా రావడం, బాగా ముక్కాల్సి రావడం, వెళ్లొచ్చాక కూడా ఇంకా మిగిలినట్టు అనిపించడం. వీటిలో ఏవైనా రెండు లక్షణాలు మూడు నెలల పాటు ఉంటే మలబద్ధకమే. 'రోజూ ఒకసారి కాకపోతే జబ్బే' అన్న నమ్మకం మన ఇళ్లలో గట్టిగా ఉంది గానీ, రోజు విడిచి రోజు సులభంగా అవుతుంటే అది మామూలే.

నా టీఎస్‌హెచ్ 6.2 వచ్చింది. నా మలబద్ధకం దానివల్లేనా?

చాలావరకు కాదనే చెప్పాలి. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ను పనిచేయించడానికి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోను, థైరాయిడ్ హార్మోను తగ్గితే ఇది పెరుగుతుంది. టీఎస్‌హెచ్ కాస్త పెరిగి, ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే టీ4) మామూలుగానే ఉంటే దాన్ని సబ్‌క్లినికల్ హైపో అంటారు. చాలా ల్యాబుల్లో టీఎస్‌హెచ్ మామూలు పరిధి సుమారు 0.4 నుంచి 4.5 దాకా ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఈ పై హద్దు కొంచెం పెరగడం సహజం. 10 దాటిందీ, టీ4 తగ్గిందీ అంటే కడుపు లక్షణాలను థైరాయిడ్‌తో ముడిపెట్టడం న్యాయం. 5, 6, 7 దగ్గర ఉన్నప్పుడు మాత్రం ముందు వేరే కారణాలు వెతకాలి.

ఇది ఊరికే అనే మాట కాదు. 65 ఏళ్లు దాటి, సబ్‌క్లినికల్ హైపో ఉన్న 737 మంది మీద యూరప్‌లో జరిగిన పరిశోధన 2017లో వెలువడింది. సగం మందికి లీవోథైరాక్సిన్ (హైపోకు ఇచ్చే టీ4 మాత్ర), సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే హైపో లక్షణాల్లో, నీరసంలో రెండు వర్గాలకూ తేడా లేదు.

వేరే కారణాల్లో మొదట చూడాల్సింది మీ మందుల డబ్బా. ఐరన్ మాత్రలు, కాల్షియం, బీపీకి వాడే వెరాపమిల్, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు, కొన్ని డిప్రెషన్ మందులు నేరుగా మలబద్ధకం తెస్తాయి. చాలా ఏళ్లుగా ఉన్న షుగర్ కూడా పేగు నరాలను దెబ్బతీస్తుంది.

హార్మోను ఎక్కువైతే (హైపర్‌థైరాయిడ్) ఎలా ఉంటుంది?

నీళ్ల విరేచనాల కంటే ఎక్కువగా కనిపించేది రోజుకు మూడు నాలుగు సార్లు, మెత్తగా మోషన్ అవడం. జీవితమంతా మలబద్ధకంతో ఉన్న మనిషికి ఉన్నట్టుండి 'ఫ్రీగా అవుతోంది' అనిపిస్తే సంతోషపడి ఊరుకుంటారు, డాక్టరుకు చెప్పరు. దాంతోపాటు గుండెదడ, చేతుల వణుకు, ఉక్కపోత, బాగా తింటున్నా బరువు తగ్గడం ఉంటే వెంటనే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, టీ3 చేయించాలి.

ఆహారం పేగులో తొందరగా సాగిపోవడంతో కొవ్వు పూర్తిగా ఇంకదు. పైగా ఆకలి పెరిగి తినేదీ ఎక్కువే కాబట్టి కొందరికి మలం జిడ్డుగా, తేలేలా వస్తుంది. అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకునే ప్రొప్రనొలాల్ మాత్ర మొదలుపెట్టాక గుండెదడతో పాటు మోషన్స్ కూడా తగ్గుతాయి. పేగు మీద అడ్రినలిన్ ప్రభావం ఎంత ఉందో దీన్నిబట్టే తెలుస్తుంది.

వృద్ధుల్లో మాత్రం బొమ్మ తిరగబడుతుంది. 70 దాటినవారికి హైపర్ వస్తే ఆకలి చచ్చిపోయి, బరువు తగ్గి, మలబద్ధకం కూడా ఉండొచ్చు. ఇంట్లోవాళ్లు క్యాన్సర్ అనుకుని స్కాన్ల చుట్టూ తిరుగుతారు. ముందు టీఎస్‌హెచ్ చూస్తే ఆ తిరుగుడు కొంత తప్పుతుంది.

నెలల తరబడి మోషన్స్, మెడలో చిన్న గడ్డ, టీఎస్‌హెచ్ మాత్రం నార్మల్. మరి?

దీన్ని వదిలేయొద్దు. థైరాయిడ్‌లో వచ్చే మెడుల్లరీ క్యాన్సర్ అనే అరుదైన రకం కాల్సిటోనిన్‌ను, ఇతర పదార్థాలను విడుదల చేసి విరేచనాలు తెస్తుంది. ఇందులో టీఎస్‌హెచ్ మారదు. మెడ అల్ట్రాసౌండ్, రక్తంలో కాల్సిటోనిన్ పరీక్ష చేయించాలి.

హైపోకు థైరాయిడ్ మాత్ర (లీవోథైరాక్సిన్) మొదలుపెట్టి పది రోజులైంది. మోషన్ ఇంకా ఫ్రీగా లేదు. మందు పనిచేయడం లేదా?

తొందరపడుతున్నారు. టీ4 అర్ధాయువు సుమారు 7 రోజులు. అంటే ఏ మోతాదైనా రక్తంలో స్థిరపడటానికి 5, 6 వారాలు పడుతుంది. అందుకే టీఎస్‌హెచ్‌ను 6 నుంచి 8 వారాల తర్వాతే మళ్లీ చూస్తారు. మలబద్ధకం నిజంగా థైరాయిడ్ వల్లే అయితే చాలామందికి ఆ గడువులోనే తేడా తెలుస్తుంది. టీఎస్‌హెచ్ మామూలుకు వచ్చి రెండు మూడు నెలలైనా పేగు కదలకపోతే, మాత్ర పెంచమని అడగడం తప్పు దారి. మోతాదు అవసరానికి మించితే గుండె లయ దెబ్బతింటుంది, ఎముకలు పల్చబడతాయి.

మాత్ర ఎలా వేసుకోవాలి?

పరగడుపున, మామూలు నీళ్లతో. టిఫిన్‌కు కనీసం అరగంట ముందు, వీలైతే గంట ముందు. మింగిన మందులో ఒంటికి పట్టేది 60 నుంచి 80 శాతమే, అదీ చిన్నపేగులో. పేగులో ఇంకేమైనా ఉంటే ఆ శాతం ఇంకా పడిపోతుంది.

మన దగ్గర ఎక్కువగా దెబ్బకొట్టేది కాఫీ. లేవగానే మాత్ర వేసుకుని, వెంటనే ఫిల్టర్ కాఫీ తాగేస్తారు. ఇంకొందరైతే మాత్రను కాఫీతోనే మింగేస్తారు. కాఫీ మందును పేగులో ఇంకనివ్వదు, అందులోని పాల కాల్షియం దానికి తోడు. గంట ఆగండి.

మాత్రలను పొయ్యి పక్క అల్మారాలోనో, కిటికీ దగ్గరో పెట్టకూడదు. వేడి, తేమ, వెలుతురు తగిలితే మందు శక్తి తగ్గుతుంది. వంద మాత్రల సీసా కొంటే దాని మూత గట్టిగా పెట్టాలి, వారం డబ్బాల్లోకి ముందే తీసి పోయడం మంచిది కాదు.

మలబద్ధకానికి ఇసబ్గోల్, గ్యాస్‌కు మాత్ర, ఎముకలకు కాల్షియం, రక్తానికి ఐరన్... అన్నీ వాడుతున్నాను. పర్వాలేదా?

ఎక్కువ కేసులు చెడిపోయేది ఇక్కడే. హైపో వల్ల మలబద్ధకం వస్తుంది. దానికి ఇసబ్గోల్ మొదలుపెట్టి, పొద్దున్నే థైరాయిడ్ మాత్రతో కలిపి వేసుకుంటారు. పీచు మందును పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. టీఎస్‌హెచ్ పెరుగుతుంది, మలబద్ధకం ముదురుతుంది, ఇసబ్గోల్ ఇంకో చెంచా పెరుగుతుంది. డాక్టరు రిపోర్టు చూసి 50 మైక్రోగ్రాముల మాత్రను 75 చేస్తారు. ఆ తర్వాత ఎప్పుడో ఇసబ్గోల్ మానేస్తే, ఇప్పుడు 75 ఎక్కువైపోయి దడ, మోషన్స్ మొదలవుతాయి.

థైరాయిడ్ మాత్రకూ వీటికీ మధ్య కనీసం 4 గంటలు తేడా ఉండాలి: ఐరన్, కాల్షియం (మల్టీవిటమిన్‌లో ఉన్నవీ లెక్కే), అల్యూమినియం లేదా మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్ సిరప్‌లు, సుక్రాల్ఫేట్, ఇసబ్గోల్, కొలెస్ట్రాల్‌కు వాడే కొలెస్టిరమిన్.

రోజు ఇలా పంచుకుంటే సరిపోతుంది. పొద్దున 5:30కి థైరాయిడ్ మాత్ర, 6:30కి కాఫీ, 8కి టిఫిన్. మధ్యాహ్న భోజనం తర్వాత కాల్షియం, సాయంత్రం ఐరన్ (ఐరన్, కాల్షియం కూడా ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి కాబట్టి విడివిడిగా). పడుకునే ముందు ఇసబ్గోల్.

ప్యాంటొప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి మాత్రల సంగతి వేరు. ఇవి మందును పట్టుకోవు. జీర్ణాశయంలో ఆమ్లాన్నే తగ్గించేస్తాయి. మాత్ర సరిగా కరగాలంటే ఆమ్లం కావాలి. కాబట్టి గంటలు దూరం పెట్టినంత మాత్రాన ఫలితం ఉండదు. నెలల తరబడి వాడాల్సి వస్తే, మొదలుపెట్టిన 6 నుంచి 8 వారాలకు ఒకసారి, మానేశాక మళ్లీ ఒకసారి టీఎస్‌హెచ్ చూసి మోతాదు సరిచేసుకోవాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకుని ఏళ్ల తరబడి వాడే 'గ్యాస్ మాత్ర' చాలాసార్లు ఇదే. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

వేళకే వేసుకుంటున్నాను, అయినా టీఎస్‌హెచ్ దిగడం లేదు. ఎందుకు?

పూర్తి మోతాదు మామూలుగా కిలో బరువుకు 1.6 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి సుమారు 100. దీనికి చాలా మించి వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ పైనే ఉంటే, లోపం గ్రంథిలో కాదు, కడుపులో ఉందేమో చూడాలి. హెలికోబాక్టర్ పైలోరి ఇన్‌ఫెక్షన్, జీర్ణాశయం పొర తనంతట తాను దెబ్బతినే ఆటోఇమ్యూన్ గ్యాస్ట్రైటిస్, గోధుమ పడని సీలియాక్ వ్యాధి, పాలలోని లాక్టోజ్ పడకపోవడం (చాలా మాత్రల్లో లాక్టోజ్ కలుపుతారు) ముఖ్యమైనవి. హషిమోటో (ఒంటి రోగనిరోధక శక్తే థైరాయిడ్‌ను దెబ్బతీసి హైపో తెచ్చే జబ్బు), గ్రేవ్స్ (అదే రీతిలో హైపర్ తెచ్చే జబ్బు) ఉన్నవారిలో ఆటోఇమ్యూన్ గ్యాస్ట్రైటిస్, సీలియాక్ మామూలు జనంలో కంటే ఎక్కువగా కనిపిస్తాయి. బీ12 తగ్గడం, ఐరన్ ఎంత వాడినా హిమోగ్లోబిన్ పెరగకపోవడం వీటికి ఆనవాళ్లు.

కడుపు జబ్బుకు చికిత్స అయ్యాక మందు బాగా ఒంటికి పడుతుంది. పాత మోతాదే కొనసాగిస్తే అప్పుడది ఎక్కువవుతుంది. టీఎస్‌హెచ్ మళ్లీ చూడటం తప్పనిసరి.

అయితే గోధుమ మానేయాలా?

సీలియాక్ ఉందని తేలితే జీవితాంతం మానేయాలి. లేదంటే అక్కర్లేదు. పరీక్షకు ముందే మానేస్తే మాత్రం రక్తపరీక్షలో జబ్బు దొరకదు, కాబట్టి ముందు పరీక్ష, తర్వాతే మానడం.

పొద్దున కుదరడం లేదు. రాత్రి వేసుకోవచ్చా? ఒక్కపొద్దులు, రోజాల సంగతి?

వేసుకోవచ్చు. రాత్రి భోజనమై కనీసం 3 గంటలయ్యాక, పడుకునే ముందు. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకూ, కాఫీ ఆపుకోలేనివాళ్లకూ ఇదే నయం. అయితే రాత్రి పూట ఇసబ్గోల్, కాల్షియం వేసుకునే అలవాటుంటే వాటిని పగటికి మార్చాలి. రంజాన్‌లో సహరీకి గంట ముందు లేవడం కష్టమైతే, ఇఫ్తార్, రాత్రి భోజనం అయ్యాక 3 గంటలు ఆగి వేసుకోవచ్చు. ఒక్కపొద్దు రోజున మాత్ర మానాల్సిన పనే లేదు, అది పరగడుపునే పడుతుంది.

గర్భిణిని. మలబద్ధకం బాగా ఎక్కువైంది.

గర్భంలో ప్రొజెస్టిరాన్ హార్మోనే పేగును నెమ్మదింపజేస్తుంది. దానికి ఐరన్, కాల్షియం మాత్రలు తోడవుతాయి. ఐరన్ మానేయొద్దు, 4 గంటల తేడా పాటించండి. ఇంతకుముందే లీవోథైరాక్సిన్ వాడుతున్నవారికి గర్భం నిలిచిన తొలి వారాల్లోనే అవసరం 25 నుంచి 50 శాతం పెరుగుతుంది. నెల తప్పిందని తెలియగానే డాక్టరుకు ఫోన్ చేయాలి, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు. వేవిళ్లతో మాత్ర నిలవకపోతే రాత్రికి మార్చుకోవచ్చు.

మలబద్ధకానికి ఏం వాడాలి?

నీళ్లు, పీచు, నడక ముందు. తోటకూర, గోంగూర, బీరకాయ, అలసందలు, పొట్టుతో పెసలు, జామకాయ మనకు సులభంగా దొరికేవే. రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు లక్ష్యం, కానీ ఒక్కసారిగా కాదు, రెండు వారాల్లో మెల్లగా పెంచాలి. పేగు బాగా మందగించి ఉన్నప్పుడు పీచు దంచికొడితే లోపల పులిసి ఉబ్బరమే మిగులుతుంది.

ఇసబ్గోల్ ఒకటి రెండు చెంచాలు, పెద్ద గ్లాసు నీళ్లతో. నీళ్లు తక్కువైతే అదే అడ్డం పడుతుంది. దానితో కాకపోతే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి రోజుకు 17 గ్రాములు మంచి మందు, లాక్టులోజ్ కంటే గ్యాస్ తక్కువ. సునాముఖి, బిసకోడిల్ అప్పుడప్పుడు అయితే ఫర్వాలేదు.

క్యాబేజీ, సోయా, సజ్జలు తినొచ్చా? ధనియాల నీళ్లు పనిచేస్తాయా?

వండిన క్యాబేజీ, కాలీఫ్లవర్ మామూలుగా కూరలా తినొచ్చు. అయోడైజ్డ్ ఉప్పు వాడుతున్నంతకాలం సజ్జ రొట్టెతోనూ ఇబ్బంది లేదు. సోయా గ్రంథిని పాడుచేయదు గానీ మాత్ర ఇంకడాన్ని తగ్గిస్తుంది కాబట్టి దూరంగా తీసుకోవాలి. ధనియాల నీళ్లు హార్మోనును పెంచవు. మాత్ర మానేసి తాగితే రెండు నెలల్లో టీఎస్‌హెచ్చే చెబుతుంది.

హైపర్‌కు కార్బిమజోల్ మాత్ర మొదలుపెట్టాక వికారంగా ఉంది.

మొదట్లో కొంత వికారం, నోటి రుచి మారడం మామూలే. భోజనం తర్వాత వేసుకుంటే తగ్గుతుంది. జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుండ్లు వస్తే మాత్రం మాత్ర ఆపి అదేరోజు తెల్లరక్తకణాల పరీక్ష చేయించాలి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆపి చూపించుకోవాలి.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి?

పొట్ట ఉబ్బి, వాంతులతో, మోషన్ గానీ గాలి గానీ పోకుండా ఉంటే. మలంలో రక్తం, తారులా నల్లటి మలం (ఐరన్ మాత్రలకూ నల్లగా వస్తుంది, కానీ తారులా అంటుకోదు). హైపర్ ఉన్నవారికి తీవ్ర జ్వరం, వాంతులు, విరేచనాలు, అయోమయం ఒక్కసారే వస్తే. చికిత్స లేని హైపోలో మగత, ఒళ్లు చల్లబడటం కనిపిస్తే. ఈ చివరి రెంటిలో గంటలు కూడా ముఖ్యమే. 50 దాటాక కొత్తగా మోషన్ తీరు మారితే అత్యవసరం కాదు గానీ, థైరాయిడ్ రిపోర్టు ఎలా ఉన్నా కొలనోస్కోపీ గురించి అడగాలి.

పరీక్షకు ముందు మాత్ర వేసుకోవాలా?

రక్తం ఇచ్చాక వేసుకోండి. మాత్ర మింగిన కొన్ని గంటలపాటు ఫ్రీ టీ4 ఎక్కువగా కనిపిస్తుంది. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే కనీసం 2 రోజుల ముందు ఆపాలి. చాలా ల్యాబ్ యంత్రాల్లో అది టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపించి, లేని హైపర్ ఉన్నట్టు రిపోర్టు ఇప్పిస్తుంది.

ఒకరోజు మాత్ర మర్చిపోయాను. లేదా వేసుకున్నాక వాంతి అయింది.

ఒకరోజు తప్పితే కొంప మునగదు, రక్తంలో వారం సరుకు ఉంటుంది. గుర్తొచ్చినప్పుడు, కడుపు ఖాళీగా ఉన్న వేళ వేసుకోవచ్చు. మింగిన అరగంటలోపే వాంతి అయితే మళ్లీ ఒకటి వేసుకోండి. ఆ తర్వాత అయితే వదిలేసి మర్నాడు మామూలుగా కొనసాగించండి. విరేచనాలు పట్టుకుని వారం పది రోజులు సాగితే మాత్రం, తగ్గాక 6 వారాలకు టీఎస్‌హెచ్ ఒకసారి చూపించుకోండి.